తొమ్మిదో వరసలో ఒక్క ఓటు

మా ఆఫీసులో మామయ్యని వెనకాల ‘కట్టలాయన’ అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం నాకు తప్ప ఎవరికీ ఉండేది కాదు. ఓటు కాగితాలు యాభై చొప్పున లెక్కపెట్టి, అంచులు సరిచేసి, దారం చుట్టి, పైన చీటీ దోపడంలో ఆయన చేతికి తిరుగు లేదు. పక్కవాళ్లతో కబుర్లు చెబుతూనే లెక్కపెట్టేవాడు. ఒకటి తగ్గితే బొటనవేలు చెప్పేస్తుందట. కాగితాలు పోయి యంత్రాలు వచ్చాక ఆ చేతికి పని లేకుండా పోయి, ఆయన ఇంటి మీద పడ్డాడు. పాత న్యూస్‌పేపర్లు, పెళ్లి కార్డులు, అత్తయ్య మందుల చీటీలు, ఏది కనబడితే అది యాభై చొప్పున కట్ట కట్టేవాడు. కట్టాక దారం విప్పి మళ్లీ లెక్కపెట్టేవాడు. ఆ రెండోసారి లెక్కపెట్టేటప్పుడు ఆయన ముఖం చూడబుద్ధయ్యేది కాదు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. నేను అదే ఆఫీసులో, అదే ఎన్నికల సెక్షన్లో టైపిస్టుని. నన్ను ఆయన వేయించలేదు, పరీక్ష రాసి వచ్చాను. ఈ ముక్క ఇక్కడ రాయకపోతే మా సెక్షన్‌వాళ్లు నన్ను బతకనివ్వరు.

మామయ్య ముప్పై ఏడేళ్లు ఒక తప్పుని కడుపులో దాచుకున్నాడు. ఆ తప్పు వల్ల ఒక ఆవిడ కట్టుకున్న మొగుడి దగ్గరే అబద్ధాలకోరు అనిపించుకుని బతికింది. ఆవిడ ఇంకా ఉంది, డెబ్బై ఐదేళ్లు దాటాయి, గుండె సరిగా లేదు. మామయ్య రిటైరవడానికి నెల రోజులు ఉంది. ఈలోగా వెళ్లి ఆవిడ ముందు నిలబడి నిజం చెప్పగలడా లేడా అన్నదే నేను చెప్పబోయే సంగతి. అది నాకు తెలిసింది కూడా టైపు మిషను ముందు కూర్చునే.

ప్రతి శాసనసభ నియోజకవర్గానికీ ఒక ఎన్నికల చరిత్ర తయారుచేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మొదటి ఎన్నిక నుంచి ఇప్పటిదాకా ఎవరెవరు నిలబడ్డారు, ఎవరికెన్ని ఓట్లు, చెల్లనివెన్ని, ఎంత తేడాతో గెలిచారు, అన్నీ బూత్‌లవారీగా. మా నియోజకవర్గం పని సహజంగానే మామయ్య నెత్తిన పడింది. ఆయన చదువుతుంటే టైపు కొట్టే పని నా నెత్తిన పడింది.

రికార్డు గదికి కిటికీలు లేవు. పట్టపగలు కూడా బల్బు వేసుకోవాల్సిందే. ఇనప బీరువాల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు, తుమ్ములు తెప్పించే దుమ్ము. మొదటి రెండు ఎన్నికలు ఒక పూటలో కొట్టేశాం. భలే ఉంటుంది మా నియోజకవర్గం చరిత్ర. మొదటిసారి పదకొండు ఓట్ల తేడాతో నెగ్గినాయన ఐదేళ్లలో సభలో ఒక్కసారి నోరు తెరిచాడు, అది కూడా ఆవులించడానికని అప్పటి పేపరువాళ్లు రాశారు. రెండోసారి ఆయన్ని ఓడించినవాడు ఆయన సొంత బావమరిది. మామయ్య ఇవన్నీ చప్పరిస్తూ చదివాడు, నేను నవ్వుతూ కొట్టాను.

మూడో ఎన్నిక ఫైలు తీశాక ఆయన గొంతు తగ్గిపోయింది. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది జరిగిన ఎన్నిక అది. పోటీలో తొమ్మిదిమంది. ఎనిమిదో ఆయన నెగ్గాడు, ఏడు వేల పైచిలుకు తేడాతో. ఆ ఎనిమిదీ చదివి మామయ్య ఆగిపోయాడు.

“తొమ్మిది?” అన్నాను, మిషను మీద వేళ్లు ఎత్తిపెట్టి.

“నిచ్చెన గుర్తు,” అన్నాడు.

నా వేళ్లు అలాగే ఉండిపోయాయి. అరచేతులు చల్లబడ్డాయి. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు ఆయన చెప్పింది కానివ్వండి.

“ఓట్లు ఎన్ని మామయ్యా?”

“కాగితంలో ఒకటి అని ఉంది.”

“అయితే ఒకటి కొట్టనా?”

“ఒకటి కాదే. యాభై ఒకటి.” కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఆ యాభై నేను మింగేశాను.”

డబ్బు తిన్నవాడిని చూశాను, ఫైళ్లు తిన్నవాడిని చూశాను, ఓట్లు తిన్నవాడిని ఇంట్లోనే పెట్టుకున్నామని నాకప్పటిదాకా తెలియదు.

ఆ తొమ్మిదో ఆయన ఫొటోలకి ఫ్రేములు కట్టేవాడు. అద్దాలాయన అనేవాళ్లు. నలభై ఒకటో బూత్ ఉన్న వీధిలోనే షాపు, షాపు వెనకాల రెండు గదుల్లో కాపురం, ఆయనా భార్యా అంతే. వీధి చివర కాలవ మీద వంతెన కూలిపోయి చాలాకాలమైంది. దాన్ని కట్టమని ఆయన పద్నాలుగు అర్జీలు పెట్టాడు. పదిహేనోది రాస్తుంటే వీధిలో ఎవరో, “ఇవన్నీ ఎందుకు, నువ్వే నిలబడరాదూ” అన్నారట. ఆయన నిజంగానే నిలబడ్డాడు. సొంత ఫ్రేముల చెక్కలతో నిచ్చెన చేసి షాపు ముందు ఆనించాడు. అంతే ప్రచారం. నియోజకవర్గంలోని మిగతా నూట ఇరవై బూత్‌లలో ఆయనెవరో కూడా తెలియదు.

ఓట్ల లెక్కింపు ఒక గోడౌన్‌లో జరిగింది. మామయ్యకి ఇరవై ఒక్కేళ్లు, ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. నలభై ఒకటో బూత్ పెట్టె ఆయన బల్ల మీదకి వచ్చింది. అప్పుడు పద్ధతి ఇదీ: బల్ల మీద ఒక్కో అభ్యర్థికి ఒక్కో చెక్క అర. కాగితం విప్పి, ముద్ర చూసి, ఆ అరలో వేయాలి. యాభై కాగానే తీసి కట్ట కట్టి, అభ్యర్థి నంబరు ఉన్న చీటీ పైన దోపాలి. మిగిలినవి విడిగా లెక్క రాయాలి. చీటీలు ముందే రాసి పెట్టుకునేవాళ్లు, పని వేగంగా సాగడం కోసం. మామయ్య చేతి వేగానికి అప్పటికే పేరొచ్చింది. ఆ తొందరలో తొమ్మిదో అరలోంచి తీసిన కట్టకి ఎనిమిదో నంబరు చీటీ దోపాడు. అరలో ఇంకొక్క కాగితం విడిగా మిగిలింది. తొమ్మిదో ఆయనకి ఒకటి అని రాశారు. మిగతా పార్టీలవాళ్లకి బల్ల దగ్గర ఏజెంట్లు కూర్చున్నారు, అద్దాలాయనకి ఎవరూ లేరు. మిగతా బూత్‌లలో ఆయనకి సున్నా. మొత్తం కలిపి ఒకటి.

సాయంత్రం ఫలితం చదివేశారు. కట్టల్ని ట్రంకు పెట్టెలో సర్దుతుంటే ఒక కట్ట అంచు వంగి మామయ్య కంటపడింది. పైన చీటీ ఎనిమిది. కింద ముద్ర నిచ్చెన మీద. ఇంకోటి ఎత్తి చూశాడు, నిచ్చెన మీదే. వెనక లక్క కరిగించి పట్టుకున్న మనిషి, “కానీయవయ్యా బాబూ, చెయ్యి కాలుతోంది” అంటున్నాడు. మామయ్య కట్టని పెట్టెలో పెట్టేశాడు. మూత పడింది, సీలు పడింది.

“చెప్పొచ్చుగా!” అన్నాను.

“యాభై అటూ ఇటూ అయినా గెలిచేవాడు గెలిచేవాడేగా. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అమ్మ, మీ అమ్మ, ఇద్దరూ నా మీదే ఉన్నారు అప్పుడు.”

మా అమ్మ కడుపు నిండిన అన్నంలో ఆ కట్ట కూడా ఉందని తెలిస్తే ఏమంటాం?

అసలు కథ మర్నాడు మొదలైంది. ఫలితాల కాగితం బడి గోడకి అంటించారు. తొమ్మిదో వరసలో ‘1’. వీధంతా చూసింది. చూసిన వాళ్లలో ఆయనకి ఓటేసినవాళ్లు ఒక్కొక్కళ్లే ఎవరికి వాళ్లు అనుకున్నారు, ఆ ఒక్కటీ తనదేనని. పాపం, ఈయన్ని నమ్మింది నేనొక్కడినే అని ప్రతివాళ్లకీ జాలేసింది. మొదట బడి మాస్టారు వచ్చి చెవిలో చెప్పాడట, “ఆ ఒక్క ఓటూ నాదే, దిగులుపడకండి” అని. అద్దాలాయన ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. గంట తర్వాత పాలాయన వచ్చాడు. అదే మాట. తర్వాత బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. తర్వాత ఎదురింటి ముసలాయన. పది రోజుల్లో ఇరవై మూడుమంది వచ్చారు. అందరూ నిజమే చెప్పారు. ఉన్నది మాత్రం ఒక్క ఓటు.

అద్దాలాయన అందరికీ టీ ఇప్పించాడు. అందరూ కలిసి తనని ఆటపట్టిస్తున్నారని తీర్మానించుకున్నాడు. ఎందుకంటే ఆ ఒక్క ఓటు ఎవరిదో ఆయనకి తెలుసు. తన ఓటు తనే వేసుకున్నాడు. ఆఖరికి భార్య నోరు విప్పింది.

“నేనూ మీకే వేశానండీ.”

“అయితే రెండుండాలి,” అన్నాడట ఆయన.

ఆ తర్వాత పదిహేడేళ్లు బతికాడు. భార్యతో ఒక్క మాట మాట్లాడలేదు.

షాపులో కూర్చునే తీరు కూడా మారిపోయింది. వీధికి వీపు పెట్టి, గోడకి వేలాడే అమ్మకపు అద్దాల వైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరు వచ్చినా అద్దంలోనే చూసేవాడు. ఫొటో ఇచ్చినా, ఫ్రేము తీసుకున్నా, వెనక్కి చెయ్యి చాపేవాడు గానీ తల తిప్పేవాడు కాదు. ఒకసారి నెగ్గిన ఎమ్మెల్యే ఫొటోకి ఫ్రేము కట్టించడానికి ఆఫీసు మామయ్యనే పంపింది. మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. అన్ని అద్దాల్లోనూ రెండు ముఖాలే కనబడుతున్నాయట, తనదీ అద్దాలాయనదీ.

“ఓట్లు లెక్కపెట్టే ఆఫీసేగా మీది?” అని అద్దంలోంచే అడిగాడట.

“అవునండీ.”

“ఒక్కటే ఉంటే కట్ట కడతారా?”

“కట్టరండీ. విడిగా పెడతారు.”

“విడిగా,” అన్నాడట ఆయన, ఆ మాటని బరువు తూచినట్టు. ఫ్రేముకి కొలతలు తీసుకున్నాడు. మళ్లీ కాసేపటికి, “ఆ కాగితం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా మీలో?”

ఆ క్షణం మామయ్య చెప్పి ఉంటే సరిపోయేది. లోపల గదిలోంచి ఆవిడ గుమ్మం దగ్గరకి వచ్చి మంచినీళ్లు ఇచ్చింది, అవి కూడా తాగలేక గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు. ఇది చెప్పేటప్పుడు మా మామయ్య ఏడ్చాడు. నేను ఊరుకోబెట్టలేదు.

ఇక్కడిదాకా ఒక పిరికి గుమాస్తా కథ. ఇక్కడినుంచి ఏమిటో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను కూడా.

ఐదేళ్ల తర్వాత మళ్లీ ఎన్నికలు. అద్దాలాయన నిలబడలేదు, పోటీలో ఏడుగురే. నలభై ఒకటో బూత్ పెట్టె విప్పినప్పుడు కొన్ని కాగితాల మీద ఏ పేరు ఎదురుగానూ ముద్ర లేదు. చివరి పేరు కింద, ఖాళీలో ఉంది. ఎక్కడ పడితే అక్కడ కాదు, ఇంకో పేరు ఉండి ఉంటే దాని గుర్తు మీద పడేలాగా, అన్నిటిమీదా ఒకేచోట. చెల్లని ఓట్లని పక్కన పడేశారు. పక్కన పడినవాటిని కట్ట కట్టే పని మామయ్యది. లెక్కపెట్టాడు. యాభై. దారం విప్పి మళ్లీ లెక్కపెట్టాడు. యాభై.

ఆ బల్ల మీద పెత్తనం చేసే ఆఫీసరు, “ముద్ర ఎక్కడ వేయాలో కూడా తెలియని జనం” అని విసుక్కున్నాడు. పెట్టె మూత పడింది.

తర్వాతి ఎన్నికలో మామయ్య బతిమాలుకుని గోడౌన్ అవతలి చివర బల్ల వేయించుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి, “కట్టలు సరిగా కట్టేవాడు అతనే, పిలవండి” అని ఇవతలికి పిలిచారు. నలభై ఒకటో బూత్. చివరి పేరు కింద ఖాళీలో ముద్రలు. యాభై.

ఆ తర్వాతి దానికి, ఎవరు వేస్తున్నారో కళ్లారా చూద్దామని, ఆ బూత్‌లోనే పోలింగ్ డ్యూటీ వేయించుకున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేళ్లకి సిరా పూస్తూ ఒక్కొక్క ముఖమూ చూశాడు. బడి మాస్టారు వచ్చాడు, పాలాయన వచ్చాడు, ఇస్త్రీ ఆవిడ వచ్చింది. కాగితం తీసుకుని అట్ట వెనక్కి వెళ్లారు, మడిచి పెట్టెలో వేశారు, వెళ్లిపోయారు. అద్దాలాయన నాలుగు గంటలకి వచ్చి, తల వంచుకుని వేలు చాపాడు. ఆయన వెనకాల పది అడుగుల దూరంలో ఆవిడ. ఎవరూ ఎవరితోనూ కూడబలుక్కున్నట్టు లేదు. పెట్టె విప్పితే యాభై.

ఇంకో రెండేళ్లకి అద్దాలాయన పోయాడు. దాని తర్వాత వచ్చిన ఎన్నికలో నలభై తొమ్మిదికి మించి రావని మామయ్య లోపల్లోపల లెక్క వేసుకున్నాడట. ఒకటి తగ్గితే, ఇదంతా మనుషులు చేస్తున్న పనేనని తేలిపోతుంది కదా అని ఆశ. అప్పటికి రోడ్డు వెడల్పు చేసి వీధిలో ఒక పక్క వరసంతా కూలగొట్టేశారు. సగం మంది ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు, ఊరూ పేరూ తెలియనివాళ్లు అద్దెలకి దిగారు. బడి మాస్టారు పోయాడు, ఎదురింటి ముసలాయన పోయాడు. బొటనవేలితో లెక్కపెట్టాడు, తర్వాత ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి లెక్కపెట్టాడు. యాభైకి యాభై.

యంత్రాలు వచ్చాక మామయ్య హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. యంత్రంలో ఖాళీ చోటు ఉండదు, లేని పేరుకి మీట ఉండదు, మిగిలిన మీటలు మూసేసి ఉంటాయి. ఆ ఏడాది నలభై ఒకటో బూత్ రిజిస్టరులో సంతకాలు ఏడొందల రెండు. యంత్రంలో ఓట్లు ఆరొందల యాభై రెండు. యంత్రం పాడైందన్నారు. తర్వాతి ఎన్నికకి కొత్త యంత్రం పంపారు. మళ్లీ యాభై తక్కువ.

ఇప్పుడు నా సంగతి. కిందటి ఎన్నికలో నలభై ఒకటో బూత్ డ్యూటీ నాకు పడింది. అప్పటికి నాకు ఈ కథలో ఒక్క ముక్క కూడా తెలియదు. ఆ ముందుసారి లెక్క నేనే టైపు కొట్టాను గానీ, ఎవరో సంతకాలు ఎక్కువ పెట్టించారని సరిపెట్టుకున్నాను. బడి గది, బల్ల, రిజిస్టరు, మూలన అట్ట చాటున యంత్రం. ఒక్కొక్కళ్లే వెళ్లి మీట నొక్కుతుంటే ‘కీ’మని కూత వినబడుతోంది. ఒక్క కూత కూడా తప్పలేదు, నా చెవులు బాగానే పనిచేస్తాయి. కాకపోతే కొందరు అట్ట వెనక మరీ కిందికి వంగుతున్నారు. మోచెయ్యి ఆఖరి మీట దాటి ఇంకా కిందికి దిగేది. కూత వినబడేది.

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది, పద్దెనిమిదో పందొమ్మిదో. మొదటి ఓటు. బయటికి వెళుతూ నా బల్ల దగ్గర ఆగి, సిరా ఆరలేదని వేలు ఊదుకుంటూ అడిగింది.

“మేడమ్, ఆఖర్న నిచ్చెన గుర్తు ఉంది కదా, ఆయన మా వీధాయనేనా?”

“ఇలాంటివి ఇక్కడ మాట్లాడకూడదమ్మా, వెళ్లు,” అన్నాను. అది రూలు. ఆ పిల్ల వెళ్లిపోయాక గుమ్మం పక్కన అంటించిన అభ్యర్థుల జాబితా చూశాను. పదకొండు గుర్తులు. నిచ్చెన లేదు. పిల్ల ఏదో పొరబడిందనుకున్నాను. సాయంత్రం సంతకాలు ఆరొందల పదకొండు, యంత్రంలో ఐదొందల అరవై ఒకటి. మా బూత్ ఆఫీసరు చెమటలు తుడుచుకుంటూ, ‘ఓటు వేయకుండా తిరిగి వెళ్లినవారు 50’ అని రాసి సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను.

అందుకే రికార్డు గదిలో మామయ్య నోట ‘నిచ్చెన గుర్తు’ అనగానే నా చేతులు చల్లబడ్డాయి.

అంతా విన్నాక భయం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఉన్న కోపాన్ని దాచుకునే అలవాటు మా ఇంట్లో నాకొక్కదానికే లేదు.

“ఇన్నేళ్లు ముద్ద ఎలా దిగింది మామయ్యా నీకు?”

“దిగలేదు,” అన్నాడు.

“ఇప్పుడైనా పుస్తకంలో యాభై ఒకటని రాద్దాం.”

ఇద్దరం పెద్ద ఆఫీసరు గదికి వెళ్లాం. మామయ్య నిలబడి మొత్తం చెప్పాడు, ఖాళీలో ముద్రల సంగతి తప్ప. ఆఫీసరు మంచివాడే. చివరిదాకా విని, మామయ్యని కూర్చోమన్నాడు.

“గెజిట్‌లో అచ్చయిన అంకెని మార్చడానికి మీరెవరు, నేనెవరు? ఆ కాగితాలు ఉన్నాయా?”

“ఆరు నెలలకే కాల్చేశారు సార్.”

“మరి యాభై ఒకటని సాక్ష్యం ఏది? మీ మాటేగా?” కాస్త మెత్తబడి, “నెల రోజుల్లో రిటైరవుతున్నారు. ఎందుకండీ ఇదంతా? ఒకటి అనే కొట్టించండి,” అన్నాడు.

ఒకటి అనే కొట్టాను. ఆ అంకె కొట్టడానికి ఎంతసేపు పడుతుంది? మిషను మీద ఒక్క వేలు.

పుస్తకం దారి మూసుకుపోయాక మిగిలింది ఆవిడ దగ్గరికి వెళ్లడమే. మామయ్య వారం రోజులు వాయిదాలు వేశాడు. కడుపులో నొప్పి అన్నాడు, గొడుగు లేదన్నాడు, ఆవిడ ఊళ్లో లేదేమో అన్నాడు. అత్తయ్యకి అన్నీ చెప్పేస్తానని బెదిరించాక చొక్కా వేసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం. షాపు తలుపులు మూసి ఉన్నాయి, పక్క సందులోంచి వెళ్లాం. ఆవిడ చిన్న మనిషి, శుభ్రమైన నేత చీర, తలుపు తీసి మమ్మల్ని ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఎన్నికల ఆఫీసు నుంచి అనగానే, “ఓటరు కార్డు ఉందమ్మా నాకు,” అంది. లోపల కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా టీ పెట్టింది. గదిలో ఒక్క ఫొటో కూడా లేదు. ఫ్రేములు కట్టే మనిషి ఇల్లు.

మామయ్య కూర్చోలేదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడే చెప్పాడు. బల్ల, అరలు, చీటీ, పెట్టె మూత, లక్క. ఒక్కటి కూడా దాచలేదు, తనని తాను వెనకేసుకు రాలేదు. “ఆయనకి వచ్చినవి యాభై ఒకటమ్మా. ఒకటి కాదు. తప్పు నాది. అప్పుడే తెలిసి నోరు మూసుకున్నాను,” అన్నాడు. జీవితంలో మొదటిసారి నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చాలాసేపు పెదవులు కదుపుతూ కూర్చుంది. ఏదో లెక్కపెడుతోందని కాసేపటికి తెలిసింది.

“మాస్టారు నిజమే చెప్పాడన్నమాట,” అంది. “పాలబ్బాయి నిజమే చెప్పాడు. ఇస్త్రీ చేసే ఆవిడ, ఏడ్చుకుంటూ మరీ చెప్పింది పాపం. ఆవిడకి టీ నేనే ఇచ్చాను. నిజమే చెప్పిందన్నమాట.”

“అందరూ నిజమే చెప్పారమ్మా.”

“అందరూ పోయారు,” అంది ఆవిడ.

ఇక వెళ్దామన్నట్టు మామయ్య నా వైపు చూశాడు. ఆయన ముఖం తేలికపడింది, ముప్పై ఏడేళ్ల బరువు దించుకున్న మనిషిలా కనబడ్డాడు. అప్పుడు ఆవిడ చెయ్యి చాపి మామయ్య మణికట్టు పట్టుకుంది.

“బాబూ, లెక్కపెట్టింది నువ్వే కదా?”

“నేనేనమ్మా.”

“అందులో నాది ఉందా?”

మామయ్యకి అర్థం కాలేదు. “మీరు వేశారుగా అమ్మా?”

“వేశాననే అనుకునేదాన్ని.” ఆవిడ గొంతులో ఏడుపు లేదు, పోయిన వస్తువు గురించి అడిగేటట్టు అడుగుతోంది. “ముద్ర చేతిలో పట్టుకోవడం గుర్తుంది. కాగితం మడవడం గుర్తుంది. మధ్యలో ఎక్కడ వేశానో గుర్తులేదు. మొదట్లో గుర్తుండేది. పదిహేడేళ్లు ఒక మనిషి ఇంట్లో ఉండి, నువ్వు వెయ్యలేదు, నువ్వు వెయ్యలేదు అని నోరు విప్పకుండా అంటూ ఉంటే, ఎన్నాళ్లు గుర్తుంటుంది? ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఎనిమిదో దాని మీద వేసినట్టే కనబడుతుంది. నా చెయ్యి, నా గాజులు, ఎనిమిదో గుర్తు. నువ్వు చూశావు కదా అన్నీ. చెప్పు బాబూ. నేను ఆయనకి వేశానా?”

ఓటు కాగితం మీద పేరుండదు. యాభై ఒక్క కాగితాలూ ఒకేలా ఉంటాయి, ఎప్పుడో కాలి బూడిదయ్యాయి. ఈ సంగతి మామయ్య కంటే బాగా తెలిసినవాళ్లు మా ఆఫీసులో లేరు. ఆయన ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాడు.

“ఉందమ్మా,” అన్నాడు. “మీది నేను చూశాను. నిచ్చెన మీదే ఉంది.”

ఆవిడ ఆయన మణికట్టు వదిలింది. తల నిమిరింది, కోపం లేకుండా.

“నా మనసు ఊరట కోసం చెబుతున్నావు బాబూ,” అంది. “నేను చెప్పినప్పుడు ఆయన కూడా ఇలాగే అనుకున్నారు.”